సింకు పైపులో జిడ్డు గడ్డ: వంటసోడా, వెనిగర్‌కి కదలడం లేదు

వంటింటి సింకులో ఐదు రోజులుగా నీళ్లు సరిగ్గా దిగడం లేదు. మొదటి రెండు మగ్గులు మామూలుగానే పోతాయి, తర్వాత గుడగుడమని ఆగిపోతాయి. సగం నిండిన సింకు ఖాళీ అవడానికి 40 నిమిషాలు. బాత్‌రూమ్, వాష్‌బేసిన్ బాగానే ఉన్నాయి, కింది ఫ్లాటు వాళ్లకూ ఇబ్బంది లేదు. అంటే అడ్డు మా వంటింటి పైపులోనే.

సింకు కింద ముడతల పైపు విప్పి కడిగాను, శుభ్రంగానే ఉంది. అక్కడి నుంచి గోడలో 2 అంగుళాల పీవీసీ, బయటి నిలువు పైపు దాకా సుమారు 10 అడుగులు. 6 అడుగుల దగ్గర ఎల్బో (పైపు మలుపు) ఉంది, అడ్డు తీయడానికి లోపలికి తోసే స్ప్రింగు వైరు అక్కడే ఆగిపోతోంది. కొసకి తెల్లటి మైనం లాంటి జిడ్డు అంటుకొచ్చింది. వేపుళ్ల నూనె, ఇడ్లీపిండి గిన్నెలు కడిగిన నీళ్ల పుణ్యం.

అరకప్పు వంటసోడా, అరకప్పు వెనిగర్ మూడు రాత్రులు పోశాను. నురగ తప్ప ఫలితం లేదు. ఉండదు కూడా, వెనిగర్ కొంత సోడాని చంపేస్తుంది, మిగిలిన వంటసోడా జిడ్డును కరిగించేంత గట్టి క్షారం కాదు. ఓవర్‌ఫ్లో రంధ్రాన్ని తడిగుడ్డతో మూసి ప్లంజరు 20 సార్లు కొడితే ఒక్క పూట బాగుంది. పీవీసీ మెత్తబడుతుందని మరిగే నీళ్లు పోయలేదు, 60 డిగ్రీల నీళ్లే వాడాను. కాస్టిక్ సోడా వద్దనుకున్నాను, ఆ నీళ్లు పైపులో నిలిచిపోతే తర్వాత వైరు పెట్టేటప్పుడు మొహం మీదికి చిమ్ముతాయి.

ఇక మిగిలింది బట్టల సోడా. ఇలాంటి జిడ్డును దాంతో కరిగించినవాళ్లు, లీటరు వేడినీళ్లకి ఎంత సోడా కలిపి ఎన్ని గంటలు పైపులో ఉంచారు?