పాత జీపు పికప్‌కి టై రాడ్ ఎండ్స్ సరిపోవడం లేదు

మాది విజయనగరం. మహీంద్రా సీజే3బీ జీపుని ఎప్పుడో వెనక కోసి పికప్ చేశారు, ముందు యాక్సిల్ వేరే మోడల్‌ది వేశారు. స్టీరింగ్‌లో 3 అంగుళాల ప్లే (చక్రాలు కదలకుండా స్టీరింగ్ ఉత్తినే తిరగడం) ఉండేది. 40 దాటాక గుంత తగిలితే బండి ఎడమకి లాగేస్తుంది.

స్టీరింగ్ బాక్సు స్క్రూ సరిచేయించాను, స్టీరింగ్ కదలికని టై రాడ్లకి అందించే బెల్ క్రాంక్ పిన్ను, బుష్‌లు మార్పించాను. ప్లే సగం తగ్గింది. మిగతాది టై రాడ్ ఎండ్స్‌లోనే (స్టీరింగ్ కడ్డీ చివర్లని చక్రాల దగ్గరి ఆర్మ్‌లకి కలిపే బాల్ జాయింట్లు), చేత్తో ఊపితే తెలిసిపోతోంది.

సీజే3బీవని విశాఖలో కొన్న ఎండ్స్ ఆర్మ్ రంధ్రంలో మరీ లోపలికి దిగిపోతున్నాయి. నట్టు పూర్తిగా బిగించినా, అది ఊడకుండా వేసే స్ప్లిట్ పిన్ రంధ్రం నట్టు దాటి పైనే ఉండిపోతోంది. అంటే టేపర్ (ఎండ్ పిన్ను కొసకి సన్నబడే వాలు) వేరే. మెకానిక్ వాషర్లు వేసి బిగిద్దామన్నాడు, నేను ఒప్పుకోలేదు. అది ఊడితే ప్రాణాలకే ముప్పు కదా.

యాక్సిల్ మీద నంబరు తుప్పుకి చెరిగిపోయింది. నంబరు లేకుండా సరైన ఎండ్స్ దొరకాలంటే ఏయే కొలతలు తీసి షాపుకి పట్టుకెళ్లాలి?