అమ్మ గుడిలో పుల్ల తీసింది, ఇప్పుడు బయాప్సీ వద్దంటోంది. ఏం చేయాలి?

వుడ్‌లాండ్స్_అమ్మాయి: సింగపూర్‌లో ఉన్నవాళ్లు కాస్త చెప్పండి. అమ్మకి థైరాయిడ్‌లో చిన్న గడ్డ ఉంది. స్కాన్ చూసిన డాక్టరు సూదితో శాంపిల్ తీసి పరీక్షకి పంపాలన్నారు. ఈలోగా పక్కింటి చైనీస్ ఆంటీ అమ్మని వాళ్ల గుడికి తీసుకెళ్లింది. వెదురు గొట్టంలో పుల్లలుంటాయి కదా, మోకాళ్ల మీద కూర్చుని ఊపితే ఒకటి జారిపడుతుంది, దాని నంబరు చూసి చీటీ ఇస్తారు. అమ్మకొచ్చిన చీటీలో ఆరోగ్యం గురించి తొందరపడొద్దు, కాలం కలిసొస్తే నయమవుతుంది అన్నట్టు ఉందట. అంతే, దీపావళి వెళ్లాక చూద్దాం అంటోంది.

లింగం_లాజిక్: ఆ చీటీ చింపి పారేసి అపాయింట్‌మెంట్ తీసుకోండి. చైనీయుల కరుణ దేవత క్వాన్ యిన్ గుళ్లలో మామూలుగా ఉండేది 100 పుల్లలు, వాటి చీటీల మీద 100 పద్యాలు. ఒకే చీటీలో పెళ్లికీ, కోర్టు కేసుకీ, పోయిన వస్తువుకీ, జబ్బుకీ జవాబులుంటాయి. జలుబు చేసినవాడు తీసినా గుండె జబ్బువాడు తీసినా అదే మాట. దీన్ని పట్టుకుని వైద్యం ఆపుకునేవాళ్లకి ఏం చెప్పాలో నాకైతే తెలియడం లేదు.

బెడోక్_బామ్మ: బాబూ, నువ్వు ఎప్పుడైనా చూశావా అసలు? పుల్ల పడగానే అయిపోదు. నెలవంకలాంటి రెండు చెక్కముక్కలు వేసి ఇదేనా నా పుల్ల అని అడగాలి. ఒకటి వెల్లకిలా ఒకటి బోర్లా పడితేనే అవునన్నట్టు. లేకపోతే పుల్ల మళ్లీ గొట్టంలో పెట్టి ఊపాలి. దానికో పద్ధతుంది.

లింగం_లాజిక్: అంటే బొమ్మా బొరుసా! నచ్చింది వచ్చేదాకా ఊపుతూనే ఉండొచ్చన్నమాట.

బెడోక్_బామ్మ: చీటీ చదవకముందే చెక్కలు వేస్తారయ్యా. అందులో ఏముందో తెలియకుండా నచ్చడం, నచ్చకపోవడం ఎక్కడిది?

చిలక_రాజా: మా ఊళ్లో చిలక జోస్యమే నయం, చిలకకి నాలుగు గింజలైనా దక్కుతాయి 😀

షాటిన్_శ్రీను: హాంకాంగ్ నుంచి ఒక మాట. ఇక్కడ చె కుంగ్ గుడిలో చైనీస్ కొత్త ఏడాదికి ఊరి మొత్తం కోసం పుల్ల తీస్తారు. చె కుంగ్ ఒకప్పుడు షాటిన్‌లో మహమ్మారిని ఆపిన దేవుడని నమ్మకం. 2003లో ప్రభుత్వం తరఫున మంత్రే తీస్తే 83 నంబరు వచ్చింది, చెడ్డ పుల్ల. ఆ ఏడాదే సార్స్ అనే ఊపిరితిత్తుల అంటువ్యాధి. హాంకాంగ్‌లో 1,755 మందికి సోకింది, 299 మంది పోయారు. నేను నమ్మమనడం లేదు, కానీ ఇక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

లింగం_లాజిక్: సార్స్ 2002 నవంబరులోనే పక్కనున్న గ్వాంగ్‌డాంగ్‌లో మొదలైంది. పుల్ల తీసింది ఫిబ్రవరిలో. పుల్లకి అంత తెలిస్తే మాస్కు పెట్టుకోమని చెప్పలేకపోయిందా?

షాటిన్_శ్రీను: అదీ నిజమే లెండి. ఇంకో సంగతి, తైవాన్ గుళ్లలోనూ ఇక్కడ వాంగ్ తాయ్ సిన్ గుడిలోనూ మందుల చీటీలే ఉండేవి. పుల్ల నంబరుకి మూలికల పేర్లు, తూకాలు రాసి ఉంటే అది పట్టుకుని మందుల కొట్టుకి వెళ్లేవారు. పిల్లలకీ కంటికీ విడివిడి చీటీలు. తైవాన్‌లో చాలా గుళ్లలో తర్వాత వాటిని తీసేశారు. వాంగ్ తాయ్ సిన్ వాళ్లు మాత్రం ఉచిత మూలికా వైద్యశాల నడుపుతున్నారు.

లింగం_లాజిక్: చూశారా! గుడివాళ్లకే తెలిసింది, మనవాళ్లకి తెలియడం లేదు.

నైట్_షిఫ్ట్_నర్స్: వాటర్లూ స్ట్రీట్ క్వాన్ యిన్ గుడి పేరుతో కిడ్నీ ఫౌండేషన్ వాళ్ల డయాలసిస్ సెంటరే ఉంది ఇక్కడ. ఆ గుడికి వెళ్లేవాళ్లలో చాలామంది పక్కనే మన కృష్ణుడి గుడి ముందూ అగరొత్తులు వెలిగిస్తారు, ఆ తర్వాత ఆస్పత్రికీ వస్తారు. గుడి ఆస్పత్రికి అడ్డం కాదు. ఆలస్యమే అడ్డం.

లింగం_లాజిక్: ఆ ఆలస్యమే అంటున్నా నేనూ. మా నాన్నకి బైపాస్ చేయాలన్నప్పుడు మూఢం ఉందని పెద్దవాళ్లంతా కూర్చుని ఆపారు. మంచిరోజు వచ్చేసరికి మనిషి లేడు. బామ్మగారూ, మీలాంటివాళ్లు పద్ధతులంటూ చేసే సమర్థింపు వల్లే మాలాంటివాళ్లకి ఇలా జరుగుతుంది. ఇప్పుడు కూడా చెక్క బోర్లా పడిందా లేదా అని మాట్లాడుతున్నారు!

బెడోక్_బామ్మ: మీ నాన్న సంగతి విని బాధేసింది నాయనా. కానీ నోరు జారకు. నాకు ఆపరేషన్ చేసేముందు డాక్టరు, మావాడు ఇంగ్లీషులో అరగంట మాట్లాడుకున్నారు, నేను పక్కనే కూర్చున్నా. చివర్లో వేలు పెట్టి ఇక్కడ సంతకం అన్నారు. నీకేం భయం అని ఒక్కళ్లు అడగలేదు. ఆ గుడిలో పుల్లలు ఊపేముందు పేరు, వయసు, ఉండే చోటు చెప్పుకుని మన ప్రశ్న మనమే అడగాలి. ఎవరూ అడ్డురారు.

లింగం_లాజిక్: ప్రశ్న అడగండి, వంద అడగండి. పరీక్ష అయ్యాక. ఆవిడ వద్దంటే వదిలేయాలా? రేపు ముదిరితే సెలవు పెట్టేదెవరు, ఆస్పత్రుల చుట్టూ తిరిగేదెవరు, బిల్లు కట్టేదెవరు?

బెడోక్_బామ్మ: ఇదీ అసలు మాట, ఇప్పటికి బయటపడింది. బిల్లు కట్టేవాడిదైపోయిందా మెడ?

చిలక_రాజా: అమ్మో.

లింగం_లాజిక్: మెడ ఆవిడదే. పోయాక ఏడ్చేది మాత్రం ఇంట్లోవాళ్లు. ఆ మాట ఎందుకు దాటేస్తారు?

వుడ్‌లాండ్స్_అమ్మాయి: మీరిద్దరూ ఆగండి కాస్త. రాత్రి అమ్మ పక్కన కూర్చుని ఏంటమ్మా భయం అని అడిగా. సూది గుచ్చితే గొంతు పోతుందేమో అంది. తను రోజూ భజనలో పాడుతుంది. దీపావళి దాకా ఆగమన్నది అందుకే. అసలు చీటీ పూర్తిగా చదవనేలేదు, ఆంటీ చెప్పింది విందంతే.

నైట్_షిఫ్ట్_నర్స్: అది సన్నని సూదే, కొన్ని నిమిషాల పని, సాధారణంగా అదే రోజు ఇంటికొచ్చేస్తారు. గొంతు మారడం చాలా అరుదు. థైరాయిడ్ గడ్డల్లో ఎక్కువ శాతం క్యాన్సర్ కావు, పరీక్ష చేసేది అది తేల్చుకోవడానికే. పాడతానన్న సంగతి అమ్మగారినే డాక్టరుతో చెప్పమనండి, మీరు పక్కనుండి ఇంగ్లీషులోకి మార్చండి చాలు.

లింగం_లాజిక్: చెప్పాక కూడా వద్దంటే?

బెడోక్_బామ్మ: మళ్లీ చెప్పాలి.

లింగం_లాజిక్: ఎన్నాళ్లు?

వుడ్‌లాండ్స్_అమ్మాయి: గురువారం అపాయింట్‌మెంట్ తీసుకున్నా. అమ్మ వస్తానంది, సూది సంగతి అక్కడే తేలుస్తానంది. పక్కింటి ఆంటీ కూడా వస్తుందట.