పూజగది తలుపుకు లేజర్ ఇన్‌లే ప్యానెల్: మేస్త్రీ బిగించనంటే న్యాయమేనా?

నల్లగొండ ఇంటాయన: పూజగది తలుపు మధ్యలో టేకు వెనీర్ (ప్లైవుడ్ మీద అంటించే పల్చటి చెక్క పొర) ప్యానెల్ పెట్టిస్తున్నాం. తామరపువ్వు లేజర్‌తో కోసి, రేకుల్లో లేతరంగు వెనీర్ పొదిగి, కాడల గాడుల్లో ఆకుపచ్చ రెజిన్ (పోశాక గట్టిపడే ద్రవం) పోస్తామన్నారు. మా మేస్త్రీ మాత్రం బిగించనంటున్నాడు. న్యాయమేనా?

మిర్యాలగూడ మేస్త్రీ: న్యాయమే. లేజర్ అంచు నల్లగా మాడుతుంది. లేత చెక్కలో ఆ గీత జన్మలో పోదు.

జడ్చర్ల లేజర్: మేస్త్రీ గారూ, పవర్ ఎక్కువ పెట్టి నెమ్మదిగా నడిపితేనే అట్లా మాడుతుంది. పైన మాస్కింగ్ టేపు అంటించి, గాలి ఊదుతూ, వేగం పెంచితే లేత గోధుమరంగు దగ్గరే ఆగుతుంది. అసలు కష్టం వేరే ఉంది. కిరణం సుమారు 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్లు తినేస్తుంది. గుంటనూ ముక్కనూ ఒకే గీత మీద కోస్తే చుట్టూ అంత సందు మిగులుతుంది. అందుకే డ్రాయింగ్‌లో ముక్కను ఆ మేరకు పెంచుతాను. అది కూర్చుని చేసే పనే, బటన్ నొక్కితే అయ్యేది కాదు.

మిర్యాలగూడ మేస్త్రీ: గోధుమరంగైనా మాడినట్టే కదా.

పాలమూరు శిల్ప: ఇంకా అంచు దగ్గరే ఉన్నారా? రెజిన్ గురించి చెప్పండి.

జడ్చర్ల లేజర్: పోసే ముందు చుట్టూ పల్చగా సీలర్, అంటే చెక్క రంధ్రాలు మూసే పూత, పూయాలి. లేకపోతే టేకు నరాల్లోకి రెజిన్ పాకి, కాడ పక్కన తడిమరకలా నిలిచిపోతుంది. రంధ్రాల్లోని గాలి బుడగలుగా పైకొస్తుంది. గట్టిపడ్డాక సమం చేయడమే టెన్షన్. వెనీర్ అర మిల్లీమీటరు ఉంటుంది, సాండర్ (గరుకు కాగితంతో రుద్దే మిషన్) ఒక్క క్షణం ఎక్కువ ఆగితే కింది ప్లైవుడ్ బయటపడుతుంది. ఆ చివరి పొర నేను చేత్తోనే రుద్దుతాను.

దేవరకొండ వాసి: మా టీవీ వెనక ప్యానెల్ ఒక్క ఎండాకాలానికే విల్లులా వంగింది. ఎవరూ మార్చి ఇవ్వలేదు.

మిర్యాలగూడ మేస్త్రీ: చూశారా! ఇక్కడ ఏప్రిల్, మే ఎండలకు ఏ చెక్కైనా ఎండి లాగుతుంది. ప్యానెల్ వంగితే ఇంటివాళ్లు ఫోన్ చేసేది నాకే. 'నీ బిగింపు బాగాలేదు' అంటారు. లేజరాయన డబ్బులు తీసుకుని వెళ్లిపోయి ఉంటాడు. పోయిన యేడు ఒక ఇంట్లో నా కూలి ఆపేశారు. అది నేను చేసిన ప్యానెలే కాదు!

జడ్చర్ల లేజర్: అన్నా, అదీ అసలు మాట. మొదటి నుంచీ నల్ల అంచు అంటున్నారు, కోపం కూలి మీద. వంగేది లేజర్ వల్ల కాదు, ఒకవైపే వెనీర్ అంటించినందుకు. వెనక కూడా అంతే మందం వెనీర్ వేస్తే రెండు వైపులా సమంగా లాగుతుంది. నేను ప్రతిసారీ చెప్తాను, 'వెనక ఎవరు చూస్తారు' అని ఇంటివాళ్లే తీయించేస్తారు.

మిర్యాలగూడ మేస్త్రీ: వాళ్లు తీయమంటే పని ఒప్పుకోవద్దు. మీరు ఒప్పుకుంటున్నారు, నేను మాట పడుతున్నాను. మీ పనిని తక్కువ అనలేదు. వెనక వెనీర్ ఉందని బిల్లులో రాయండి, వంగితే మార్చేది మీరేనని రాయండి. అప్పుడు ఎవరి ఇంట్లోనైనా బిగిస్తాను. బిగింపు కూలి వేరే.

జడ్చర్ల లేజర్: వంగితే మారుస్తాను, రాసిస్తాను. రెజిన్ పసుపు రంగుకు మారితే మాత్రం నా పూచీ లేదు. మనం పోసేది ఎపాక్సీ రెజిన్, నేరుగా ఎండ తగిలితే అది కాలక్రమంలో పసుపు తిరుగుతుంది.

నల్లగొండ ఇంటాయన: మా తలుపు ఎదురుగా పడమటి కిటికీ. సాయంత్రం దాకా ఎండ దాని మీదే పడుతుంది.

జడ్చర్ల లేజర్: అయితే రెజిన్ వద్దు. కాడలు కూడా వెనీర్‌తోనే పొదుగుదాం.

మిర్యాలగూడ మేస్త్రీ: డ్రాయింగ్ ఇక్కడ పెట్టు తమ్ముడూ. కాడలు మరీ సన్నగా లేకపోతే అవి నేను కత్తితో కోసిస్తా, రేటు ముందే చెప్తా.