‘వెసక్ కూడు’ అంటే తిండి కాదు

గంటం:
శ్రీలంక పండుగల మీద తెలుగులోకి వచ్చిన ఒక అనువాదంలో ఈ వాక్యం ఉంది: “వెసాక్ రోజు ఇంటింటా రంగురంగుల కూడు వేలాడదీస్తారు. తోరణాల ముందు జనం గుమిగూడతారు. దానశాలల్లో అందరికీ ఉచితం.” కూడు వేలాడదీయడం ఏమిటో అంతుపట్టలేదు. పండుగ పేరు కూడా ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తున్నారు: వెసాక్, వేసాక్, వైశాఖ్, వెసాఖ. ఏది సరి? ఇవన్నీ తీసేసి ‘బుద్ధ పూర్ణిమ’ అని రాసేస్తే అర్థంలో ఏమైనా జారిపోతుందా?

పలక:
మొదట కూడు సంగతి. సింహళంలో ‘కూడువ’ అంటే పిట్టగూడు, పంజరం. బహువచనం ‘కూడు’. ‘వెసక్ కూడు’ అంటే వెదురు పుల్లల చట్రానికి పల్చటి రంగు కాగితం అంటించి లోపల దీపం పెట్టే లాంతర్లు. అనువాదకులు ఆ మాటను అలాగే దించేశారు, తెలుగులో అది అన్నమై కూర్చుంది.

ఇందులో తమాషా ఒకటుంది. సింహళ కూడుకు చుట్టం మన కూడు కాదు, మన గూడు. తమిళంలో గూటిని ‘కూడు’ అంటారు. మొదటి హల్లు తమిళంలో ‘క’గా ఉంటే తెలుగులో ‘గ’ అయింది, సింహళంలో ‘క’గానే ఉంది. మనం తినే కూడు వేరే మాట. తమిళంలో అది ‘కూళ్’, అంటే అంబలి, జావ. నాలుక మడిచి పలికే తమిళ ‘ళ’ తెలుగులో ‘డ’ అవుతుంది: ఏళు–ఏడు, కోళి–కోడి, కూళ్–కూడు. రెండు వేర్వేరు మాటలు ఒకే ధ్వనిలో కలిశాయి, అంతే.

అనువాదానికి కొత్త మాట కనిపెట్టనక్కర్లేదు. గోడలో దీపం పెట్టే అరను మనం గూడు అనే అంటాం. “గూట్లో దీపం, నోట్లో ముద్ద” అనే సామెతలో గూడూ కూడూ రెండూ ఉన్నాయి! ‘దీపపు గూళ్లు’ అంటే చక్కగా సరిపోతుంది. ‘ఆకాశదీపాలు’ మాత్రం వద్దు, అది కార్తికానికి, ధ్వజస్తంభానికి అతుక్కుపోయిన మాట.

వెదురుబద్ద:
ఆ గూటి కట్టుబడి తెలిస్తే పేరు ఇంకా బాగా అర్థమవుతుంది. అన్నిటికంటే ఎక్కువగా కనిపించే రకం ‘అటపట్టమ’. ‘అట’ అంటే ఎనిమిది, అష్టకు సింహళ రూపం. ఒకే పొడవున్న 24 వెదురు పుల్లలు తీసుకుని, నాలుగేసి కలిపి 6 చతురస్రాలు కడతారు. ఒకటి పైన, ఒకటి కింద, మిగతా నాలుగు చుట్టూ మొన మీద నిలబెట్టి మూలకు మూల ముడి వేస్తారు. మొత్తం 12 మూలలు కలుస్తాయి, వాటి మధ్య 8 త్రికోణాలు వాటంతటవే ఏర్పడతాయి. పుల్ల అడుగు పొడవుంటే గూడు ఎత్తు దాదాపు 17 అంగుళాలు వస్తుంది. లోపల దీపం ఎక్కడ వేలాడాలో దాన్నిబట్టి లెక్కేసుకోవాలి.

తేడా వచ్చేది మూడు చోట్ల. పుల్లల్లో రెండు మూడు అర అంగుళం అటూ ఇటూ అయినా ఆఖరి చతురస్రం మూలలు కలవవు. బలవంతంగా లాగి కడితే మొత్తం వంకర పోతుంది. రెండోది, చతురస్రానికి దానంతట అది నిలిచే బిగువు ఉండదు. మూల నుంచి మూలకు రెండు దారాలు ఇంటూ గుర్తులా కట్టకుండా కాగితం అంటిస్తే చట్రం మెలి తిరిగి కూలబడుతుంది. మూడోది పచ్చి వెదురు. అది ఆరుతూ కుదించుకుపోతుంది, బిగుతుగా అంటించిన కాగితం మర్నాటికి ముడతలు పడుతుంది. పిండి జిగురు పుల్లకే రాయాలి, కాగితానికి కాదు. తడిసిన టిష్యూ చేతిలోనే చిరుగుతుంది. కొవ్వొత్తి పెట్టేటట్టయితే పై చతురస్రాన్ని తెరిచి ఉంచాలి. లేకపోతే వేడికి పైకప్పు కాగితం అంటుకుంటుంది. ఇప్పుడు చాలామంది చిన్న ఎల్‌ఈడీ బల్బే పెడుతున్నారు.

గంటం:
మరి తోరణాలు? అది మన మాటే కదా, అక్కడ తప్పేముంది?

పలక:
అక్కడే పెద్ద తప్పుంది, పైకి కనిపించదు. తోరణం అనగానే తెలుగువాళ్లకు గుమ్మానికి మామిడాకులు కళ్లముందుకొస్తాయి. సింహళ ‘తొరణ’ (మొదటి అచ్చు హ్రస్వం) కూడలిలో ఇళ్లకంటే ఎత్తుగా నిలబెట్టే బొమ్మల పలక. మధ్యలో బుద్ధుడు, చుట్టూ ఏదో ఒక జాతక కథ (బుద్ధుడి పూర్వజన్మ కథ) ఘట్టాలు గళ్లు గళ్లుగా గీసి ఉంటాయి. వేల బల్బులు వరసలు మార్చుకుంటూ వెలుగుతుంటే, కథను పద్యాల్లో మైకులో వినిపిస్తారు. సంస్కృతంలో తోరణం అంటే నిలువెత్తు ద్వారం, సాంచీలో ఉన్నవి అవే. ఒకే మాట మన దగ్గర ద్వారం నుంచి ద్వారానికి కట్టే దండకు దిగింది, లంకలో ద్వారం నుంచి వెలుగుల పలకకు ఎక్కింది. తెలుగులో ‘దీపాల తోరణ పలక’ అని ఒకసారి విడమరిచి, తర్వాత ‘తొరణ’ అని వాడుకోవచ్చు.

‘దన్సల’ మాత్రం దాన, శాల కలిసినదే, కాబట్టి దానశాల తప్పు కాదు. కానీ చదివేవాళ్లకు శాశ్వతమైన సత్రం గుర్తొస్తుంది. ఇది పండుగ రెండు మూడు రోజులు రోడ్డు పక్కన వేసే పందిరి. దారిన పోయేవాళ్లను ఆపి అన్నం, ఉడికించిన శనగలు, షర్బతు, ఐస్‌క్రీం పెడతారు. మన చలివేంద్రానికి అన్నదానం కలిపితే ఎలా ఉంటుందో అలా. పందిరి వేసేవాళ్లు ముందుగా స్థానిక ప్రజారోగ్య ఇన్‌స్పెక్టరు దగ్గర నమోదు చేసుకోవాలి. ఎండాకాలంలో వందలమందికి పెట్టేటప్పుడు తేడా వచ్చేది ఎక్కువగా నీళ్లతోనూ ఐసుతోనూ.

తిథివారం:
పేరు సంగతి నేను చెబుతాను. మూలం విశాఖ నక్షత్రం. పూర్ణిమ చంద్రుడు విశాఖ దగ్గర ఉంటే ఆ పూర్ణిమ ‘వైశాఖి’, ఆ పూర్ణిమ ఉన్న మాసం ‘వైశాఖం’. పాణిని సూత్రం “సాస్మిన్ పౌర్ణమాసీతి” చెప్పేది ఇదే. పాళీలో ‘ఐ’ లేదు, ‘శ’ లేదు, అందుకని ‘వెసాఖ’. దాన్నుంచి సింహళంలో ఒత్తు పోయి, దీర్ఘం పోయి, చివరి అచ్చు కూడా పోయి ‘వెసక్’ మిగిలింది. రెండు అచ్చులూ హ్రస్వమే. ‘వెసాక్’ ఇంగ్లీషు స్పెల్లింగు చూసి మనం సాగదీసుకున్నది. శ్రీలంక గురించి రాస్తే వెసక్, పాళీ గ్రంథాల గురించి రాస్తే వెసాఖ. ‘వైశాఖీ’ అని రాస్తే ఏప్రిల్ 13, 14 తేదీల్లో వచ్చే పంజాబు పండుగనుకుంటారు. అది సౌరమానం, పూర్ణిమతో పనిలేదు.

మిగతా దేశాల పేర్లలోనూ ఈ నక్షత్రం దాక్కునే ఉంది. థాయిలో ‘విశాఖ బూచా’. బూచా అంటే పూజే. ఇండోనేషియాలో ‘వైసక్’. టిబెటన్లు ‘సాగా దావా’ అంటారు. సాగా అంటే వాళ్ల భాషలో విశాఖ, దావా అంటే చంద్రుడు, నెల. ఆ నెలలో చేసిన పుణ్యం లక్ష రెట్లవుతుందని నమ్మకం. కైలాస పర్వతం దగ్గర తర్పోచే ధ్వజస్తంభాన్ని దించి, కొత్త జెండాలు కట్టి మళ్లీ నిలబెట్టేది ఈ పూర్ణిమకే. బర్మాలో మాత్రం నక్షత్రం కనిపించదు. ‘కసొన్’ నెల పూర్ణిమ అంటారు, కుండలతో నీళ్లు మోసుకెళ్లి బోధివృక్షానికి పోస్తారు. వానలు ఇంకా పడని మండుటెండల నెల అది. ఆచారం వెనక అవసరం కూడా ఉంది.

గంటం:
మరి అందరికీ ఒకే పూర్ణిమ కదా, తేదీలు ఎందుకు తేడా వస్తాయి? మన అమాంతం (నెల అమావాస్యతో ముగియడం), ఉత్తరాది పూర్ణిమాంతం (పూర్ణిమతో ముగియడం) తేడా వల్లనా?

తిథివారం:
కాదు. ఆ తేడా కృష్ణపక్షానికే. శుక్లపక్షంలో రెండు పద్ధతుల్లోనూ మాసం పేరు ఒకటే, కాబట్టి వైశాఖ పూర్ణిమ అందరికీ ఒకే రోజు. ఇబ్బంది అధికమాసంతో వస్తుంది. 2023 చూడండి. భారత్, నేపాల్, శ్రీలంకలకు మే 5. థాయిలాండ్‌కు జూన్ 3. థాయి పద్ధతిలో ఇది 6వ చాంద్రమాసపు పూర్ణిమ, కానీ 8వ నెల రెండుసార్లు వచ్చే సంవత్సరంలో పండుగను 7వ నెలకు జరుపుతారు. మనకు ఆ ఏడు అధిక శ్రావణం. అధికమాసం వైశాఖం తర్వాతే వచ్చింది కాబట్టి మన పూర్ణిమ కదల్లేదు. ఐక్యరాజ్యసమితి 1999 డిసెంబరు 15న వెసక్‌ను గుర్తించిన తీర్మానంలో ‘మే నెల పూర్ణిమ’ అని ఉంది, అయినా థాయి పండుగ అప్పుడప్పుడు జూన్‌లోకి వెళుతుంది. ‘ప్రపంచమంతా ఒకే రోజు’ అని రాసేముందు ఆ ఏటి క్యాలెండరు చూడండి.

ఉత్తరపుచుక్క:
‘బుద్ధ పూర్ణిమ’ అని పెట్టేస్తే ఏమవుతుందనే ప్రశ్న మిగిలిపోయింది. శ్రీలంక, థాయి, బర్మాలకు పరవాలేదు. అక్కడ బుద్ధుడి పుట్టుక, బోధి (జ్ఞానోదయం), పరినిర్వాణం (మరణం) మూడూ ఒకే పూర్ణిమకు. ‘బుద్ధ జయంతి’ అంటే మాత్రం మూడింట్లో రెండు పోతాయి. కొరియా, జపాన్‌లకు ‘పూర్ణిమ’ కూడా కుదరదు. కొరియాలో చాంద్రమానం 4వ నెల 8వ తేదీ, అంటే మన లెక్కన అష్టమి. జపాన్ 1873లో కొత్త క్యాలెండరుకు మారాక ఆ అంకెను అలాగే ఉంచుకుని ఏప్రిల్ 8 చేసుకుంది. ఆ రెండు చోట్లా అది పుట్టినరోజు మాత్రమే, జపాన్‌లో బోధి పండుగ డిసెంబరు 8న.

కొరియా పేరు తెలుగువాళ్లకు ముచ్చటగా ఉంటుంది: ‘బుచ్యోనిమ్ ఒసిన్ నాల్’. బుచ్యో బుద్ధుడు, నిమ్ మన ‘గారు’ లాంటిది, ఒసిన్ ‘వేంచేసిన’, నాల్ ‘రోజు’. ‘బుద్ధుడు గారు వేంచేసిన రోజు’ అని మాటకు మాట, అదే వరసలో దిగుతుంది. అంతకుముందు ‘సొక్‌గా తాన్‌సినిల్’ అనే చైనా మాటల పేరుండేది. 2017లో ప్రభుత్వం అధికారికంగా ఈ దేశీ పేరుకు మార్చింది.

జపాన్‌ది ‘హనమత్సురి’, పూల పండుగ. పూలు కప్పిన చిన్న మండపంలో, ఒక చెయ్యి పైకి, ఒకటి కిందికి చూపించే బాల బుద్ధుడి బొమ్మను పెట్టి, చిన్న గరిటెతో ‘అమచ’ పోస్తారు. అమచను ‘తీపి టీ’ అని అనువదిస్తే చక్కెర వేశారనుకుంటారు. అది హైడ్రేంజియా జాతి ఆకు, ఆరబెట్టి మాగబెడితే దానికదే తియ్యన. లీటరు నీటికి 2–3 గ్రాముల ఎండుటాకు చాలు. తియ్యగా ఉంది కదా అని చిక్కగా కాచి పిల్లలకు తాగిస్తే వాంతులైన సందర్భాలు అక్కడ నమోదయ్యాయి.

చినుకు:
విశాఖపట్నానికి కూడా ఇదే విశాఖా? పక్కనే తొట్లకొండ, బావికొండ ఉన్నాయి కదా.

తిథివారం:
ఆ రెండూ బౌద్ధ క్షేత్రాలే, అందులో అనుమానం లేదు. కానీ ఊరి పేరుకు స్థానికంగా చెప్పేది వైశాఖేశ్వరుడి గుడి కథ. విశాఖుడు కుమారస్వామి పేరు కూడా. పక్కన స్తూపం ఉన్నంత మాత్రాన పేరు కూడా దానిదైపోదు.

గంటం:
అయితే వాక్యాన్ని ఇలా మారుస్తున్నాను: “వెసక్ పోయ రోజున శ్రీలంకలో ఇంటింటా కాగితపు దీపపు గూళ్లు వేలాడదీస్తారు. కూడళ్లలో జాతక కథల బొమ్మలతో దీపాల తోరణ పలకలు నిలబెడతారు. రోడ్డు పక్క పందిళ్లలో దారిన పోయేవాళ్లందరికీ ఉచితంగా తిండి, పానీయాలు ఇస్తారు.”

పలక:
బాగుంది. ‘పోయ రోజు’ ఒక్కటే మార్చండి. అది పాళీ ‘ఉపోసథ’ అరిగి మిగిలిన ముక్క, మన ఉపవాసానికి దాయాది. థాయి గుళ్లలో భిక్షువుల మందిరానికున్న ‘బోత్’ అనే పేరు కూడా దానిదే. శ్రీలంకవాళ్ల లెక్కన ప్రతి పూర్ణిమా ‘పోయ’ రోజే. కానీ తెలుగులో ‘పోయ రోజు’ అంటే ‘పోయిన రోజు’కు అచ్చుతప్పు అనుకుని దిద్దేస్తారు. ‘వెసక్ పూర్ణిమ నాడు’ అనండి.

గంటం:
మార్చాను. ‘గూళ్లు’కు బ్రాకెట్లో ‘వెసక్ కూడు’ అని పెట్టనా?

పలక:
పెట్టకండి, మళ్లీ ఎవరో ఒకరు వడ్డిస్తారు.