అప్‌డేట్: అమ్మను కడలెకాయి పరిషెకు తీసుకెళ్లాను

అనంతపురం నుంచి అమ్మ వస్తోంది, చలికాలంలో బెంగళూరులో చూడదగ్గ విచిత్రమైన జాతర ఏదైనా ఉంటే చెప్పమని కిందటి నెలలో అడిగాను. ఎక్కువమంది బసవనగుడిలో జరిగే వేరుసెనగ జాతరకే, అంటే కడలెకాయి పరిషెకే వెళ్లమన్నారు. కార్తికమాసం చివరి సోమవారం వెళ్లాం. మీ మాట విన్నందుకు ఎంత సంతోషంగా ఉందో!

బుల్ టెంపుల్ రోడ్డు పొడవునా గోనెపట్టాల మీద కాయలు కుప్పలు పోశారు. పచ్చివి, ఉడికించినవి, వేయించినవి, ఏవి కావాలంటే అవి. అమ్మ వేరుసెనగ చేలల్లో పెరిగిన మనిషి. ఒక కుప్ప దగ్గర చతికిలబడి, కాయ చిదిమి, పప్పు మీది గులాబీ పొరను గోటితో గీరి చూసి, "ఇది ఎర్రనేల పంట" అంది. అమ్ముతున్నావిడ ముఖం వెలిగిపోయింది. "అవునమ్మా, మాది మదనపల్లె వైపు" అని తెలుగులోనే చెప్పి, సేరు కొలిచాక పైన మరో గుప్పెడు వేసింది. ఇద్దరూ ఈ ఏటి వానల గురించి అరగంట మాట్లాడుకున్నారు.

పూర్వం ఇక్కడి చేలను ఒక ఎద్దు మేసేసేదనీ, దాన్ని శాంతింపజేయడానికే రైతులు తొలిపంటను బసవన్నకు మొక్కుకున్నారనీ కథ. బెంగళూరు స్థాపకుడు కెంపేగౌడ కట్టించిన ఇక్కడి బసవన్న గుడిలోని నంది ఏకశిల, ఎత్తు సుమారు 15 అడుగులు. అమ్మ కళ్లార్పకుండా చూసింది.

సాయంత్రానికి ఇసుక వేస్తే రాలనంత జనం. పెద్దవాళ్లతో అయితే పొద్దున్నే వెళ్లండి, చేతిసంచి మరవకండి. మేము నాలుగు సేర్లు కొన్నాం. మూడు అమ్మతో పాటు ఊరికి వెళ్లాయి.