పులిసిన పెరుగుకి కార్బ్స్ తగ్గించి లెక్కేయొచ్చా?

కృష్ణలంక కుర్రాడు:
లో-కార్బ్ మొదలుపెట్టాను, కార్బ్స్ (పిండిపదార్థాలు, చక్కెరలు) రోజుకి 30 గ్రాముల లోపు. అన్నం మానేసినా పెద్దగా ఇబ్బంది లేదు, గొడవంతా పెరుగు దగ్గరే. ప్యాకెట్ మీద 100 గ్రాములకి 4.5 గ్రాముల కార్బ్స్ అని ఉంది. అమెరికా లో-కార్బ్ వాళ్లలో ఒక పాత వాదన ఉంది: పాలలోని చక్కెర లాక్టోజ్‌ని బ్యాక్టీరియా తినేస్తుంది, లేబుల్‌కి ఆ సంగతి తెలియదు, కాబట్టి కప్పు పెరుగుకి 4 గ్రాములే వేసుకోండి అని. నిజమైతే రోజూ రెండు కప్పులు లాగించేస్తా.

ల్యాబ్ బాబాయ్:
సగం నిజం. లేబుల్ మీది కార్బ్స్ సాధారణంగా నేరుగా కొలిచినవి కావు. 100లోంచి నీళ్లు, ప్రొటీన్, కొవ్వు, ఖనిజాలు తీసేయగా మిగిలిన అంకె. లాక్టోజ్ లాక్టిక్ ఆమ్లంగా మారినా బరువు దాదాపు అంతే, అందుకే ఆ ఆమ్లం కూడా కార్బ్స్ ఖాతాలోనే పడుతుంది. ఇంతవరకు వాళ్ల మాట కరెక్టే. కానీ పీహెచ్ (పులుపు కొలత, ఎంత తగ్గితే అంత పులుపు) 4.5 దగ్గరికి వచ్చేసరికి తాను పుట్టించిన పులుపుకి బ్యాక్టీరియాయే నెమ్మదిస్తుంది. పాలలో లాక్టోజ్ 5 శాతం దగ్గర, మామూలు పెరుగులో ఆమ్లం 1 శాతం అటూ ఇటూ. పోయేది ఐదో వంతు, మహా అయితే ఇంకాస్త. 200 గ్రాముల కప్పుకి 9 బదులు 7 వేసుకోండి. 4 మాత్రం కాదు.

తోడు చుక్క:
ప్యాకెట్ పెరుగు లెక్క మాకెందుకండీ? ఎండాకాలం రాత్రి తోడుపెట్టి వదిలేస్తే పొద్దున్నకి పళ్లు జివ్వుమంటాయి. అందులో ఇంకా చక్కెర ఉందంటే ఎలా నమ్మాలి?

ల్యాబ్ బాబాయ్:
లాక్టోజ్‌కి అసలే తీపి తక్కువండీ. కొంచెం ఆమ్లం చాలు దాన్ని కప్పేయడానికి. రుచి చూసి గ్రాములు చెప్పలేం.

షుగర్ పేషెంటు:
నాకు గ్లూకోమీటరే లెక్క. కప్పు పెరుగు తిన్నాక పెద్దగా పెరగదు. ఇంక ఈ కూడికలు ఎందుకు?

ల్యాబ్ బాబాయ్:
పెరుగులో కొవ్వు, ప్రొటీన్ ఉంటాయి కాబట్టి గ్లూకోజ్ నిదానంగా ఎక్కుతుంది. అంతమాత్రాన కార్బ్స్ లేనట్టు కాదు. పైగా పాల ప్రొటీన్ ఇన్సులిన్‌ని బాగానే కదిలిస్తుంది, అది మీటర్‌లో కనపడదు. కార్బ్స్ చూసి ఇన్సులిన్ డోసు వేసుకునేవాళ్లు మాత్రం ఇక్కడి మాటలు పట్టుకుని అంకెలు మార్చకండి, డాక్టర్‌ని అడగండి.

తోడు చుక్క:
మరి మజ్జిగ?

ల్యాబ్ బాబాయ్:
కప్పు పెరుగులో మూడు కప్పుల నీళ్లు పోసి చిలికితే గ్లాసుకి దక్కేది నాలుగో వంతే. ఎంత పులిసిందన్న వాదన కన్నా నీళ్లు పోయడమే లెక్కని ఎక్కువ తగ్గిస్తుంది! పెరుగుని గుడ్డలో కట్టి వేలాడదీస్తే కారే నీటితో కొంత లాక్టోజ్ పోతుంది, పన్నీర్‌లో తక్కువుండేదీ అందుకే. నెయ్యిలో దాదాపు సున్నా. టోన్డ్ పాలలో తగ్గేది వెన్న, చక్కెర కాదు. ఇది చాలామంది తిరగేసి అనుకుంటారు.

కృష్ణలంక కుర్రాడు:
సరే, కప్పుకి 7 వేసుకుంటా. రెండో కప్పు మజ్జిగ చేసుకుంటా.

షుగర్ పేషెంటు:
నేనైతే 9 అనే రాసుకుంటాను. నిజంగా 7 అయితే రెండు గ్రాములు మిగిలాయి అనుకుంటా. 4 అని రాసి రెండు కప్పులు తింటే దొరికిపోయేది నేనే.