బిచిర్ ట్యాంకులో నాచు తినే చేపను వేయొచ్చా?

నీటిగూడు:
నాలుగడుగుల ట్యాంకులో రెండు సెనెగల్ బిచిర్లను (పాములా పొడవుగా ఉండే మాంసాహార చేపలు) పెంచుతున్నాను. ఒక్కోటి జానెడు దాటింది. అద్దాలకీ రాళ్ళకీ నాచు పట్టేస్తోంది. సక్కర్ చేప ఒకటి వేసేయ్, అదే చూసుకుంటుందని కొందరంటున్నారు. అది రాత్రిపూట బిచిర్ ఒళ్ళు గీకేస్తుందని ఇంకొందరు. ఎవరి మాట వినాలి?

అడుగునేల:
వేయకండి. సక్కర్ అని అమ్మే మామూలు ప్లెకో కొన్నప్పుడు వేలెడు ఉంటుంది గానీ పెరిగితే 40 సెంటీమీటర్లు దాటుతుంది. మీ సెనెగల్ 30, 35 దగ్గర ఆగిపోతుంది. సైజు కన్నా అలవాటుతోనే తంటా. రెండూ రాత్రి తిరిగేవే, అడుగున ఉండేవే. బిచిర్ కదలకుండా పడి ఉంటుంది, ప్లెకో నోటికి అది రాయైనా చేపైనా ఒకటే. చర్మం మీది జిగురు రుచి మరిగిందంటే ఇక వదలదు. గీకిన చోటు నేను దగ్గరగా చూశాను. పక్క భాగంలో గుండ్రటి మచ్చ, మెరుపు పోయి తెల్లగా మసకబారింది, అంచున సన్నటి ఎర్ర గీత. పగలు చూస్తే కారణం తెలీలేదు. లైటు ఆర్పాక కాసేపటికి టార్చి వేసి చూస్తే ప్లెకో సరిగ్గా ఆ మచ్చ మీదే నోరు ఆనించి ఉంది.

పెద్దట్యాంకు:
ఇంత భయపెట్టడం న్యాయం కాదండీ. నా ఎండ్లికెరి బిచిర్‌తో పాటు ప్లెకో ఏళ్ళ తరబడి ఉంటోంది, ఒక్క గీత పడలేదు. బిచిర్‌వి గానాయిడ్ పొలుసులు, ఎముకంత గట్టివి. ప్లెకో ఆకలితో ఉంటేనే చేపల మీదికి వెళ్తుంది. లైటు ఆర్పగానే దానికి వేరుగా మునిగే మేత బిళ్ళలు (వేఫర్లు) వేయాలి, గీక్కోవడానికి ఒక కట్టె ఉండాలి, దాని గూడు దానికి ఉండాలి. ఇవేవీ లేని ట్యాంకుల్లో జరిగింది చూపించి చేపను దోషిని చేస్తే ఎలా?

అడుగునేల:
పొలుసు గట్టిదే. కానీ దాని మీద పల్చటి చర్మం, జిగురు పొర ఉంటాయి. రోగాన్ని అడ్డుకునేది ఆ పొరే. అది పోయాక కింద పొలుసు ఎంత గట్టిగా ఉంటే ఏం లాభం? ఇంకో మాట. మీరన్నట్టు కడుపు నిండా మేపితే అది నాచు ఎందుకు తింటుంది? ఎదిగిన ప్లెకో బిచిర్ల కోసం వేసిన గుళికలకే ఎగబడుతుంది. అది వేసే మలం చూశారుగా, తాళ్ళు తాళ్ళుగా. అదంతా నైట్రేట్ అయి మళ్ళీ నాచుకే ఎరువు.

పెద్దట్యాంకు:
నాచు కోసమైతే నేనూ వేయమనను. ప్లెకోను పెంచేది దాని మీద ఇష్టంతో. అద్దాలు నేనే తుడుస్తాను.

ఇసుకపరుపు:
సక్కర్ గొడవలో పడి చైనీస్ ఆల్గే ఈటర్‌ను వదిలేశారు. బంగారు రంగులో ముద్దుగా ఉందని కొంటారు. పిల్లగా ఉన్నప్పుడు నాచు తింటుంది, పెరిగేకొద్దీ అది మానేసి చేపల పక్కలకు అతుక్కుంటుంది. మేపితే చాలన్న వాదన దీని దగ్గర నిలబడదు.

చిన్నవాటితో ఇంకో ప్రమాదం. నాచు తినే ఓటోసింక్లస్ (ఓటో) మహా అయితే 5 సెంటీమీటర్లు. బిచిర్‌కు చూపు తక్కువ, వాసన పట్టి నోరు వేస్తుంది. ఓటో, కోరీ లాంటి చిన్న క్యాట్‌ఫిష్‌లు బెదిరితే రెక్కల ముళ్ళు నిక్కబొడుచుకుని బిగుసుకుంటాయి. ముల్లు గొంతులో అడ్డం పడితే రెండు చేపలూ పోతాయి. రొయ్యలైతే ఆ రాత్రికే భోజనం. నెరైట్ నత్తలు వేసి చూడొచ్చు. కొన్ని బిచిర్లు వాటి జోలికి పోవు, కొన్ని వదలవు.

నీటిగూడు:
మరి ప్లెకోల్లోనే చిన్న రకం, బ్రిసిల్‌నోజ్?

ఇసుకపరుపు:
ఒక్క చేపనే వేయాలంటే నా ఓటు దానికే. 12, 15 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది, పెద్దయ్యాక కూడా నాచు తింటుంది, తోటి చేపల్ని గీకిందన్న ఫిర్యాదు తక్కువ. కానీ పిల్లను తేకండి, కనీసం 10 సెంటీమీటర్లు ఎదిగినదాన్ని తెండి. మీ సెనెగల్ నోట్లో అది పట్టదు. ఎండ్లికెరి, ఆర్నాటిపిన్నిస్ లాంటి పెద్ద జాతులు ఉన్నవాళ్ళకు మాత్రం ఈ సలహా ఇవ్వను. 60 సెంటీమీటర్ల చేప నోరు వేరే లెక్క, బ్రిసిల్‌నోజ్ బుగ్గ ముళ్ళు అందులో దిగితే తీయడం మనవల్ల కాదు.

అడుగునేల:
బ్రిసిల్‌నోజ్‌కు నేనూ అడ్డు చెప్పను. ముందు లైటు సంగతి చెప్పండి, రోజుకు ఎంతసేపు వెలుగుతోంది?

నీటిగూడు:
పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా.

అడుగునేల:
అయితే ఏ చేపను తెచ్చినా ఆ నాచు తరగదు. టైమర్ పెట్టి 6, 7 గంటలకు తగ్గించండి. బిచిర్‌కు మసక వెలుతురే హాయి, ఎక్కువ లైటుతో దానికి పనే లేదు. తినగా మిగిలిన మేత ఇసుకలో ఉండనివ్వకండి, వారానికి మూడో వంతు నీళ్ళు మార్చండి. తుడిస్తే పొడిలా ఊడొచ్చే గోధుమ రంగు నాచైతే అది డయాటమ్, కొత్త ట్యాంకుల్లో మామూలే, చాలాసార్లు దానంతటదే తగ్గిపోతుంది. నీలి ఆకుపచ్చ రంగులో జిగటగా తెట్టు కడితే మాత్రం ఏ చేపనూ నమ్ముకోవద్దు, పైపుతో లాగేయాల్సిందే.

నీటిగూడు:
గోధుమ రంగుదే ఎక్కువ. టైమర్ ఈరోజే పెడతాను. నెల చూసి తగ్గకపోతే ఎదిగిన బ్రిసిల్‌నోజ్ ఒకటి తెస్తాను. తేగానే నేరుగా వేసేయొచ్చా?

పెద్దట్యాంకు:
వద్దు. కనీసం రెండు వారాలు వేరే తొట్టిలో ఉంచండి. మేత బాగా తింటోందో లేదో కూడా అక్కడే తెలుస్తుంది. ఆకలి మీదున్న చేపను మాత్రం ఆ ట్యాంకులోకి వదలకండి.